పాత అంతరిక్ష చిత్రాల్లో చందమామ కొండలు అంత సూదిగా ఎందుకుంటాయి?

మీ ప్రశ్న ఇది: 1940లు, 50ల నాటి అంతరిక్ష చిత్రాల్లో చంద్రుడి కొండలు కత్తుల్లా నిలబడి ఉంటాయి, చంద్రుడి మీద దిగిన అపోలో యాత్రల ఫోటోల్లో చూస్తే బోర్లించిన గంపల్లా గుండ్రంగా ఉంటాయి. మరి ఆ చిత్రకారులు తోచినట్టు గీసేశారా? తప్పని తేలాక ఇంకా వాటిని ఎందుకు చూడాలి?

తోచినట్టు గీయలేదండీ, లెక్కలు కట్టి గీశారు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ సంగతి నాకు బాగా తలకెక్కింది మా బడి డాబా మీద, ఎనిమిదో తరగతి అమ్మాయి వల్ల.

మూడేళ్ళ క్రితం 70 మిల్లీమీటర్ల లెన్సున్న చిన్న టెలిస్కోప్ ఒకటి కొన్నాను. శుక్లపక్ష అష్టమి నాడు పొద్దుగూకాక పిల్లల్ని డాబా ఎక్కించాను. అందరూ పౌర్ణమి నాడు చూపించమంటారు గానీ ఆ రోజు నీడలు ఉండవు, చంద్రుడు సున్నం కొట్టిన పళ్ళెంలా ఉంటాడు. అష్టమి నాడైతే వెలుగూ చీకటీ కలిసే గీత చంద్రుడి నడిమధ్యన పడుతుంది. ఆ గీత పక్కనే అపెన్నైన్ పర్వతాలు వరసగా మెరుస్తూ కనిపిస్తాయి. చూసినవాళ్ళు చూసినట్టు కాగితం మీద గీయాలని చెప్పాను. ఆ అమ్మాయి గీసిన కొండలు అచ్చం తుమ్మముళ్ళలా ఉన్నాయి. "ఇంత మొనదేలి కనిపించాయా?" అని అడిగాను. "కొండలు సరిగ్గా కనపడలేదు సార్, నీడలు కనపడ్డాయి. నీడే అంత కోసుగా ఉంటే కొండ ఇంకెట్టా ఉంటది?" అంది.

అమెరికా చిత్రకారుడు చెస్లీ బోన్‌స్టెల్ ఆలోచన కూడా దాదాపు ఇదే. ఆయన 1888లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. భవనాల నమూనాలు గీయడం ఆయన మొదటి వృత్తి. న్యూయార్క్ క్రైస్లర్ బిల్డింగ్‌కి పనిచేశాడు, గోల్డెన్ గేట్ వంతెన ఎలా ఉండబోతోందో బొమ్మలు వేసి చూపించాడు, తర్వాత హాలీవుడ్‌లో సినిమాలకి వెనక దృశ్యాలు చిత్రించాడు. 17 ఏళ్ళప్పుడు, 1905లో, లిక్ అబ్జర్వేటరీలో శనిగ్రహాన్ని చూసి, ఇంటికి రాగానే దాన్ని రంగుల్లో వేశాడు. మరుసటి ఏడాది భూకంపంతో వచ్చిన మంటల్లో ఆ బొమ్మ కాలిపోయింది. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, 1944లో, లైఫ్ పత్రిక ఆయన వేసిన శనిగ్రహ చిత్రాలను అచ్చువేసింది. శని ఉపగ్రహాల మీద నిలబడి చూస్తే ఆకాశం ఎలా ఉంటుందో జనం మొదటిసారి ఫోటో అనిపించేంత నిజంగా చూశారు.

చంద్రుడి కొండల విషయంలో ఆలోచన ఇలా సాగింది. మన కొండల్ని అరగదీసేవి గాలీ వానా. చంద్రుడి మీద రెండూ లేవు. కాబట్టి అక్కడి కొండ పుట్టినప్పటి పదునుతోనే ఉండాలి. టెలిస్కోప్‌లో కనిపించే పొడవాటి నీడలు కూడా ఔననే అన్నాయి. అయితే అక్కడ అరగదీసేది వేరే ఉంది. ఉల్కలు. ఇసుక రేణువు కన్నా సన్నటివి కూడా వందల కోట్ల ఏళ్ళుగా నేరుగా నేలకి తగులుతూనే ఉన్నాయి, ఆపడానికి గాలి లేదు. పెద్దవి పడ్డప్పుడు ఎగిరిన మట్టీ రాళ్ళూ చుట్టూ దుప్పటిలా పరుచుకున్నాయి. ఆ దెబ్బలకే కొండల మొనలు పోయాయి.

ఇక్కడ లూసియెన్ రూడో అనే ఫ్రెంచి ఆయన గురించి చెప్పకుండా ఉండలేను. ఆయన చిత్రకారుడూ, ఖగోళ పరిశీలకుడూ. నీడల్ని పక్కన పెట్టి చంద్రుడి అంచుని చూశాడు. అంచు మీద కొండల అసలు రూపురేఖ నల్లటి ఆకాశం ముందు తిన్నగా కనిపిస్తుంది, అది గుండ్రంగానే ఉంది. అలాగే గీశాడు. 1937లో వచ్చిన ఆయన పుస్తకంలోని చంద్రుడు అపోలో ఫోటోలకి ఎంతో దగ్గరగా ఉంటాడు. అయినా జనం మనసులో నిలిచింది బోన్‌స్టెల్ కొండలే, ఎందుకంటే అవి చూడ్డానికి అంత బాగుంటాయి.

బోస్టన్ సైన్స్ మ్యూజియం కోసం బోన్‌స్టెల్ 1957లో 40 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న చంద్రుడి దృశ్యం వేశాడు. మనుషులు చంద్రుడి మీద దిగి వచ్చాక, 1970లో, అది తప్పని గోడ మీంచి దించేశారు. తర్వాత అది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. ఆ దించేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పక్కనే ఒక అపోలో ఫోటో పెట్టి ఉంటే పిల్లలకి అంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

ఇక ఆ చిత్రాల్లో ఒప్పు ఎంతుందో మీరే కొలిచి చూడొచ్చు. శని వ్యాసం సుమారు 1.2 లక్షల కిలోమీటర్లు, దాని ఉపగ్రహం టైటాన్‌కీ శనికీ మధ్య దూరం 12.2 లక్షల కిలోమీటర్లు. అంటే టైటాన్ నుంచి శని ఐదున్నర డిగ్రీల వెడల్పు కనిపించాలి. చెయ్యి బారుగా చాచి మధ్య మూడు వేళ్ళూ దగ్గరగా పెట్టండి, సుమారు అంత. మన చందమామ అర డిగ్రీనే, చిటికెన వేలి వెనక దాక్కుంటాడు. ఇంకా దగ్గరగా తిరిగే మిమాస్ అనే ఉపగ్రహం నుంచైతే శని 37 డిగ్రీలకు పైనే, అంటే దాదాపు నాలుగు పిడికిళ్ళ వెడల్పు. బోన్‌స్టెల్ బొమ్మల వెనక ఇలాంటి లెక్కే ఉంది. తొమ్మిదో తరగతికి కోణాలు చెప్పేటప్పుడు నేను దీన్నే వాడతాను. చెయ్యి చాచి కొలవడం మొదలుపెడితే పిల్లలు లెక్కంటే టెన్షన్ పడటం మర్చిపోతారు. టైటాన్ ఆకాశాన్ని మాత్రం ఆయన నీలంగా వేశాడు. 2005 జనవరి 14న హైగెన్స్ అనే నౌక అక్కడ దిగినప్పుడు ఆకాశంలో నారింజ రంగు మసక తప్ప ఏమీ కనిపించలేదు. ఆ మసకలో నేల మీంచి మన కళ్ళకి శని కనపడదు.

ప్రయాణాల సంగతి కూడా అంతే. 1952 మార్చి నుంచి కొలియర్స్ పత్రికలో రాకెట్ శాస్త్రవేత్త వెర్నర్ ఫాన్ బ్రౌన్ వ్యాసాలకి బోన్‌స్టెల్ తదితరులు బొమ్మలు వేశారు. 250 అడుగుల చక్రంలాంటి అంతరిక్ష స్టేషన్, రెక్కలతో విమానంలా దిగే రాకెట్, 50 మందితో చంద్రయాత్ర. చక్రం రాలేదు. రెక్కల వాహనం, అదే స్పేస్ షటిల్, 1981లో వచ్చింది. చంద్రుడి మీద ఇప్పటిదాకా నడిచినవాళ్ళు మొత్తం 12 మందే.

మా చిన్నప్పుడు పుస్తకాలకి అట్టలు వేసుకునేది సోవియట్ భూమి పత్రిక కాగితాలతోనే. నున్నగా, తడిసినా త్వరగా చిరగకుండా ఉండేవి. నా లెక్కల పుస్తకం అట్ట మీద ఒక వ్యోమగామి బొమ్మ ఏడాది పొడుగునా ఉండేది. అందుకేనేమో సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియోనోవ్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 1965 మార్చి 18న మనుషుల్లో మొదటిసారి నౌక బయట, అంతరిక్షంలోకి అడుగుపెట్టింది ఆయనే. సుమారు 12 నిమిషాలు బయట ఉన్నాడు. ఆ ప్రయాణంలోనే రంగు పెన్సిళ్ళతో సూర్యోదయాన్ని గీశాడు. పెన్సిళ్ళు గాల్లో తేలిపోకుండా దారాలతో మణికట్టు పట్టీకి కట్టుకున్నాడు. నల్లటి ఆకాశం, భూమి వంపు మీద సన్నటి ఎర్ర గీత. ఊహతో పనిలేకుండా, అక్కడే ఉండి చూసి గీసిన తొలి అంతరిక్ష చిత్రం అదే.

డాబా మీద చంద్రుణ్ణి చూసిన మర్నాడు పిల్లలతో వరండాలో చేసిన పని కూడా చెబుతాను. కొత్త గది కోసం తెచ్చిన ఇసుకతో నాలుగు వేళ్ళ ఎత్తున గుండ్రటి కుప్ప పోశాం. తలుపులు మూసి, నాలుగు గజాల దూరం నుంచి టార్చి వేసి మెల్లగా కిందికి దించాం. కుప్ప కుప్పలాగే ఉంది, దాని నీడ మాత్రం సాగి సాగి మూరెడయ్యి మొనదేలింది. ఆ తర్వాత 1971 జూలైలో అపోలో 15 వాళ్ళు అదే అపెన్నైన్ల పక్కన దిగి తీసిన ఫోటో చూపించాను. హ్యాడ్లీ డెల్టా కొండ, నున్నటి వాలు. ఆ అమ్మాయి చాలాసేపు దాన్నే చూసి, ఇంకో బొమ్మ గీసింది. ఈసారి కొండ గుండ్రం, నీడ ముల్లు. రెండు బొమ్మలూ మా ల్యాబ్ బీరువా తలుపుకి పక్కపక్కనే అంటించి ఉన్నాయి.