ఇరవై ఒకటి తరువాత ముప్పై రెండే ఎందుకు?

ప్రశ్న: మా మనవరాలు 0, 1, 2, 4, 5, 8, 9, 10, 16, 17, 18, 20, 21 అని రాసి, తరువాతి సంఖ్య ఏదో చెప్పమన్నది. 22 అన్నాను, కాదన్నది. 24 అన్నాను, అదీ కాదట, 32 అట. కొబ్బరి దింపు లెక్కల్లో ఏనాడూ తడబడని నాకు ఈ వరుస మాత్రం అంతుపట్టలేదు. దీని సూత్రమేమిటి?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: మీ మనవరాలు చెప్పినదే సరైనది. అయితే కొన్ని సంఖ్యలిచ్చి తరువాతిది చెప్పమనడం, సూత్రం చెప్పనంతవరకు, కొంత అన్యాయమైన ప్రశ్నే.

ఈ వరుసను మామూలు అంకెల్లో ఎంతసేపు చూసినా గుట్టు బయటపడదు. 0, 1 అనే రెండంకెలతోనే రాసే ద్విసంఖ్యామానంలో స్థానాల విలువలు కుడి నుంచి ఎడమకు 1, 2, 4, 8, 16 అంటూ రెట్టింపవుతాయి కనుక 5 అంటే 101, 10 అంటే 1010, 21 అంటే 10101 అవుతాయి. వరుసలో లేని 3ను రాస్తే 11, 6ను రాస్తే 110. అంటే రెండు 1లు పక్కపక్కనే పడిన ప్రతి సంఖ్యనూ తీసివేయగా మిగిలినవే ఇవి.

తోట లెక్కలో చూడండి. వరుసగా ఐదు గోతులు తీసి, మొక్క నాటిన గోతిని 1గా, వదిలిన గోతిని 0గా రాసుకుని, పక్కపక్క గోతుల్లో మొక్కలు పడకూడదని నియమం పెట్టుకుంటే, ఏమీ నాటకపోవడంతో కలిపి 13 అమరికలు వస్తాయి. మీరు రాసిన 13 సంఖ్యలూ అవే. 21లో ఒకటి విడిచి ఒకటిగా మూడు మొక్కలున్నాయి. 22, 23లలో మధ్య గోతిలోనూ దాని కుడి పక్క గోతిలోనూ మొక్కలు పడతాయి. 24 నుంచి 31 వరకు ఎడమ కొసనున్న రెండు గోతులూ నిండే ఉంటాయి. అందువల్ల ఆరో గొయ్యి తవ్వవలసిందే. అందులో ఒక్క మొక్క నాటితే 32.

ఆరు గోతులకు ఎన్ని అమరికలు? ఆరో గొయ్యి ఖాళీగా ఉంటే మిగిలిన ఐదింటికి 13, అందులో మొక్క ఉంటే పక్క గొయ్యి ఖాళీ కనుక మిగిలిన నాలుగింటికి 8, మొత్తం 21. ఇలా పెరిగే 2, 3, 5, 8, 13, 21 అనే వరుసను 1202లో గ్రంథం రాసిన ఇటలీ దేశస్థుడు ఫిబొనాచ్చి పేరుతో పిలుస్తున్నారు కాని, 12వ శతాబ్దిలోనే జైన పండితుడు హేమచంద్రుడు దీనిని ఛందస్సులో వివరించాడు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు కదా! మొక్కను, దాని కుడి పక్క ఖాళీని కలిపి గురువు అనుకోండి. విడిగా మిగిలిన ఖాళీని లఘువు అనుకోండి. కుడి కొసన ఎప్పుడూ ఖాళీగా ఉండే గొయ్యి ఒకటి అదనంగా చేర్చండి. మీ ఐదు గోతులు ఆరు మాత్రలవుతాయి, ఆరు మాత్రలను లఘుగురువులతో నింపే తీరులు కూడా 13. అప్పుడు 21 మూడు గురువులు, 0 ఆరు లఘువులు.