ఆ పేర్లు ఎందుకు చదువుతారు?

ప్రశ్న: నవంబరు 20న మా కాలేజీలో కొవ్వొత్తులు వెలిగించి, హత్యకు గురైన ట్రాన్స్‌జెండర్ల పేర్లు చదువుతామంటున్నారు. వాళ్లెవరో తెలియని నాలాంటివాళ్లు వెళ్లి ఏం చేయాలి మేడమ్?

జవాబు: తప్పకుండా వెళ్లమ్మా. తెలియకపోవడం వల్లే ఈ ట్రాన్స్‌జెండర్ సంస్మరణ దినం పుట్టింది. 1998 నవంబరులో అమెరికాలోని బోస్టన్‌లో రీటా హెస్టర్ అనే నల్లజాతి ట్రాన్స్ మహిళను ఆమె ఇంట్లోనే కత్తితో పొడిచి చంపారు. అప్పుడు కొన్ని పత్రికలు ఆమెను మగవాడిగానే రాశాయి, చనిపోయాక కూడా ఆమెకు ఆమె పేరు దక్కనివ్వలేదన్నమాట, నాకైతే ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే కడుపు రగిలిపోతుంది. అంతకు మూడేళ్ల ముందు ఆ ప్రాంతంలోనే షనెల్ పికెట్ అనే మరో ట్రాన్స్ మహిళ హత్య జరిగితే, అది చాలామందికి గుర్తే లేదని గ్వెండొలిన్ ఆన్ స్మిత్ అనే ట్రాన్స్ హక్కుల కార్యకర్త గమనించారు. ఆమె చొరవతోనే 1999 నుంచి ఈ సంస్మరణ మొదలైంది.

అందుకే పేర్లు చదువుతారు. వాళ్లు బతికినప్పుడు తమను తాము పిలుచుకున్న పేరే చదవాలి, పాత పేరు వద్దు. నీకు చదివే అవకాశం వస్తే పలకడం ముందే నేర్చుకో, తడబడితే ఆగి మళ్లీ సరిగ్గా చదువు. హత్య ఎంత ఘోరంగా జరిగిందో వర్ణించాల్సిన పని లేదు, అక్కడున్న ట్రాన్స్ స్నేహితులకు అది మళ్లీ గాయమే. వాళ్లనే ముందు మాట్లాడనివ్వు.

ఇంకో మాట. మర్నాడు క్యాంటీన్‌లో ఎవరైనా వాళ్లను వెక్కిరిస్తే, "అలా అనొద్దు" అని అక్కడే గట్టిగా చెప్పు.