పొడిలో పల్లీ వేయలేదు, అయినా లేబుల్ తప్పేనా?

ప్రశ్న: తెనాలిలో ఇంటి దగ్గరే నువ్వుల పొడి, పల్లీ పొడి, కందిపొడి, ఆవకాయ, రొయ్యల పచ్చడి చేసి సీసాల్లో అమ్ముతున్నాను. ఫుడ్ రిజిస్ట్రేషన్ ఉంది. స్టిక్కర్లు తెలుగులోనే వేయించాను. మా నువ్వుల పొడి తిన్న ఒక బాబుకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయట. ఆ పిల్లాడికి పల్లీ పడదట. నేను అందులో పల్లీ వేయను, కాకపోతే రెండు పొడులూ ఒకే మిక్సీలో పడతాను. లేబుల్ మీద అలర్జీ వివరాలు లేవంటూ నోటీసు వచ్చింది. ఇంత చిన్న వ్యాపారానికి కూడా ఈ రూల్స్ ఉంటాయా?

జవాబు: ఉంటాయి. వ్యాపారం చిన్నదైతే లైసెన్సుకు బదులు రిజిస్ట్రేషన్ సరిపోతుందంతే, లేబుల్ బాధ్యత పోదు. మూత బిగించి సీలు వేసి అమ్మకానికి సిద్ధం చేసిన ప్రతి సీసా 2020 నాటి లేబులింగ్ నిబంధనల కిందికే వస్తుంది.

నోటీసులో రాశారో లేదో గానీ, మీ స్టిక్కర్‌లో ఇంకో తప్పుంది. తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి లిపి హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, తెలుగొక్కటే ఉంటే చెల్లదు. మన ఊళ్లో మన భాష చెల్లకపోవడం బాధే, కానీ నిబంధన అలా ఉంది.

అలర్జీ విషయానికొస్తే, మన దేశ నిబంధనల జాబితాలో ఉన్నవి ఇవి: గోధుమ, బార్లీ, ఓట్స్ వంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్య–పీత జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీతో పాటు జీడిపప్పు, బాదం లాంటివి, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్న సల్ఫైట్ (నిల్వ కోసం వేసే రసాయనం). వీటిలో ఏది వేసినా ‘కంటెయిన్స్’ (ఉంది) అని రాసి పక్కన దాని పేరు చెప్పాలి. నెయ్యి వేస్తే పాల పేరు రావాలి. గానుగ నూనెలో పల్లీ ప్రోటీన్ మిగిలే ఉంటుంది కాబట్టి వేరుశనగ గానుగ నూనె వాడితే పల్లీ పేరు కూడా రాయండి. ఎక్కువమంది ఇంగువ దగ్గర దొరికిపోతారు. బజారులో దొరికే, వేరే పదార్థాలు కలిపి చేసే (కాంపౌండెడ్) ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు. డబ్బా వెనక చదవండి. అలాంటి ఇంగువ పడితే మీ కందిపొడికి కూడా గోధుమ పేరు రాయక తప్పదు.

మీ కేసంతా మిక్సీలోనే ఉంది. వేయకపోయినా కలిసే అవకాశం ఉంటే ‘మే కంటెయిన్’ (ఉండవచ్చు) అని రాయవచ్చని నిబంధనల్లో ఉంది, రాయడమే క్షేమం. నువ్వుల పొడి మీద పల్లీ పేరుతో ఆ ఒక్క ముక్క ఉంటే ఆ బాబు తల్లి సీసా పక్కన పెట్టేసేది. బ్లేడు కింద, మూత రబ్బరులో, జల్లెడ కన్నాల్లో పల్లీ పిండి ఇరుక్కుంటుంది, పైపైన కడిగితే పోదు. జారు, జల్లెడ, మూకుడు పల్లీకి వేరుగా పెట్టండి. ఆ రోజు పనిలో పల్లీ పొడి చివర పట్టండి. అప్పుడు కూడా ఆ వాక్యం తీసేయొద్దు. అలాగని అన్ని సీసాల మీదా అన్ని పేర్లూ రాసేయడం, వేసిన పదార్థానికే ‘మే కంటెయిన్’ అనడం రెండూ తప్పే. రొయ్యల పచ్చడి మీద ‘రొయ్య ఉండవచ్చు’ అని రాస్తే ఏం బాగుంటుంది?

నోటీసును తేలిగ్గా తీసుకోవద్దు. అది ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 32వ సెక్షన్ కింద ఇచ్చిన ఇంప్రూవ్‌మెంట్ నోటీసైతే సరిదిద్దుకోవడానికి కనీసం 14 రోజులు ఇస్తారు. అప్పీలు చేయాలంటే 15 రోజులు లేదా నోటీసులోని గడువు, ఏది ముందైతే అది. మీ కేసులో అప్పీలు కంటే సరిదిద్దుకోవడమే మేలు. దుకాణాల్లో ఉన్న సీసాలు వెనక్కి తెప్పించండి. కొత్త లేబుల్ నమూనా, వేరుచేసిన సామాను ఫోటోలు జతచేసి లిఖితపూర్వకంగా జవాబివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. లేబుల్ లోపానికి 52వ సెక్షన్ కింద జరిమానా 3 లక్షల దాకా వేయవచ్చు. ఎంత వేయాలో చూసేటప్పుడు మీకొచ్చిన లాభం, తప్పు తెలిసే చేశారా, మళ్లీ మళ్లీ చేశారా అన్నవి లెక్కలోకి వస్తాయి, కాబట్టి వెంటనే సరిదిద్దినట్టు కాగితం ఉండటం మీకే మంచిది.

బాబు సంగతి వేరు. 65వ సెక్షన్ కింద పరిహారం మామూలు హానికి లక్ష దాకా, తీవ్రమైన హానికి 3 లక్షల దాకా ఉంటుంది. ప్రాణం పోతే 5 లక్షలకు తగ్గదు. 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. ‘నేను పల్లీ వేయలేదు’ అన్న మాట అక్కడ నిలబడకపోవచ్చు. హెచ్చరిక ఎందుకు లేదన్నదే అడుగుతారు. వాళ్లకు ఫోన్‌లో సంజాయిషీలు, వాట్సాప్‌లో కోపం మెసేజ్‌లు వద్దు. ఆ బ్యాచ్ సీసా ఒకటి, పట్టిన తేదీ రాసుకున్న పుస్తకం భద్రపరచండి.

ఆవాలు, నువ్వులు మన జాబితాలో లేవు, పదార్థాల పట్టికలో రాస్తే చాలు. విదేశాలకు పంపి అమ్మాలనుకుంటే మాత్రం ఆ లెక్క మారుతుంది. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా అలర్జీ జాబితాలో చేరాయి, బ్రిటన్‌లో నువ్వులతో పాటు ఆవాలు కూడా ఉన్నాయి. ఆ సీసాలకు వేరే లేబుల్ వేయించండి.