మా 14 ఏళ్ల వాడు ఫోన్ గురించి నోరు విప్పడం లేదు, ఎలా మాట్లాడించాలి?

"నేను గదిలోకి రాగానే ఫోన్ బోర్లా పెట్టేస్తాడు, అడిగితే ఏం లేదంటాడు" అని రాశారు. ఈ బాధ చాలా ఇళ్లలో ఉన్నదే. స్కూలు పిల్లల్నీ వాళ్ల అమ్మానాన్నల్నీ ఒకచోట కూర్చోబెట్టి ఫోన్ల సంగతి మాట్లాడించే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. అక్కడ చూసిందే చెబుతాను.

పిల్లలు దాచేది ఎక్కువగా ఫోన్ లాక్కుంటారన్న భయంతో. ముక్కూమొహం తెలియనివాడు మెసేజ్ పెట్టాడని చెప్పినా, క్లాసు గ్రూపులో తనని ఏడిపిస్తున్నారని చెప్పినా ఇంట్లో తీర్పు ఒకటే: "ఫోన్ ఇలా తే." ఎవడో చేసిన పనికి శిక్ష తనకి పడుతుందని తెలిశాక ఎవరు మాత్రం చెబుతారు? కాబట్టి ముందు మాటివ్వండి, చెప్పినందుకు ఫోన్ తీసుకోనని. ఇచ్చాక ఒక్కసారి తప్పినా ఇక అంతే సంగతులు.

తర్వాత, "ఎంతసేపు చూశావ్" అనడం మానేసి "అదేంటో నాకూ చూపించు" అనండి. ఒకసారి ఓ నాన్నగారు "కళ్లు తెరవగానే ఫోనే" అని కూతురి మీద విరుచుకుపడ్డారు. ఏం చేస్తుంటావమ్మా అని నేనడిగితే ఆ అమ్మాయి స్నాప్‌చాట్ తెరిచింది. స్నేహితుల పేర్ల పక్కన మంట బొమ్మ, ఓ అంకె. అదే స్ట్రీక్, అంటే వరసగా ఎన్ని రోజులుగా ఒకరికొకరు పంపుకుంటున్నారో చెప్పే లెక్క. ఇద్దరూ 24 గంటల్లోపు ఒకరికొకరు ఒక్క స్నాప్ (ఫోటో లేదా వీడియో) అయినా పంపుకోకపోతే ఆ అంకె పోతుంది. గడువు దగ్గరపడితే ఇసుక గడియారం బొమ్మ వస్తుంది.

"ఇంతకీ ఏం ఫోటో పంపావ్?" అన్నారాయన.

"గోడ."

నిజంగానే ఉత్త గోడ! ఆయనతో సహా అందరం నవ్వేశాం. ఆ నవ్వుల్లోనే ఇంకోటి బయటపడింది. పరీక్షలప్పుడు స్ట్రీక్ పోకుండా పాస్‌వర్డ్ స్నేహితురాలికి ఇచ్చేస్తుందట. అసలు మాట్లాడుకోవాల్సింది అది. తిట్లు అలాగే సాగి ఉంటే ఆ ముక్క ఎప్పటికీ తెలిసేది కాదు.

వాళ్లూ మిమ్మల్ని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. "నా ఫోటో స్టేటస్‌లో పెట్టేముందు నన్నడిగావా?" అన్నది తరచూ వచ్చే ప్రశ్న. "మా పిల్లలు, మా ఇష్టం" అన్నారా, ఇక మాట సాగదు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2021లో డిజిటల్ ప్రపంచంలో పిల్లల హక్కుల మీద తన 25వ జనరల్ కామెంట్, అంటే ఆ హక్కుల్ని ప్రభుత్వాలు ఎలా అమలు చేయాలో చెప్పే వివరణ పత్రం, వెలువరించింది. దానికోసం 28 దేశాల్లో 700 మందికి పైగా పిల్లల అభిప్రాయాలు తీసుకుంది. ఇంట్లో రూలు పెట్టేముందు ఒక్కడిని అడగడానికి మనకేం?

ఇబ్బందిగా ఉన్నా ఒక సంగతి ముందే చెప్పి ఉంచండి. 18 ఏళ్లలోపు తీసిన నగ్న చిత్రాన్ని బయటపెడతానని ఎవరైనా బెదిరిస్తే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. పేరు చెప్పనక్కర్లేదు. ఫోటో ఫోన్ దాటి పోదు, దాన్నుంచి తయారైన కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, టిక్‌టాక్ లాంటివి దాంతో పోల్చి చూసి తీసేస్తాయి. బెదిరించేవాడికి డబ్బు పంపొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు.

మీవాడు ఎప్పుడైనా "మా ఫ్రెండ్‌కి ఇలా జరిగింది" అంటూ వస్తే జవాబు చెప్పండి. ఆ ఫ్రెండ్ ఎవరని మాత్రం ఆరా తీయకండి.