రేకు, చెక్క సుత్తి, ఇసుక సంచి: పాతకాలపు స్పోర్ట్స్ కారు బాడీపై పాఠకుల ప్రశ్నలు

ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకులు చేత్తో కారు బాడీ కట్టడం గురించి అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా దగ్గర మద్రాసులో తయారైన పాత కారు స్టాండర్డ్ హెరాల్డ్ ఛాసిస్ (అడుగు చట్రం) ఒకటి ఉంది. బాడీ చాలావరకు తుప్పు తినేసింది. దాని మీద 1950ల నాటి ఇద్దరు కూర్చునే ఓపెన్ కారు తరహాలో అల్యూమినియం బాడీ కట్టాలని ఉంది. ఏ రేకు, ఎంత మందం, ఎన్ని షీట్లు తీసుకోవాలి? గట్టిగా ఉంటుందని 6061 గ్రేడు అల్యూమినియం కొనమంటున్నారు. (జయపురం)

6061 వద్దు. వేడిచేసి గట్టిపరిచిన ఆ రేకు ఇసుక సంచి మీద నాలుగు దెబ్బలకే పగులు చూపిస్తుంది. 5052 వంగుతుంది కానీ దెబ్బ దెబ్బకీ త్వరగా బిగుసుకుపోతుంది. చేతిపనికి సరైనవి 1050, 1100, 3003 గ్రేడ్లు. టెంపర్ హెచ్14 అని అడగండి, అంటే సగం గట్టిదనం ఉన్న రేకు. ఫెండర్లకు (చక్రాలపై కప్పులకు), బానెట్‌కు, డోర్లకు 1.6 మి.మీ., లోపలి పలకలకు 1.2 మి.మీ. చాలు.

స్టీలుతో పోలిస్తే అల్యూమినియం బిగువు మూడో వంతే. 1 మి.మీ. స్టీలు సరిపోయే చోట 1.6 మి.మీ. అల్యూమినియం వాడేది అందుకే. మందం ఒకటిన్నర రెట్లయితే వంగకుండా నిలిచే శక్తి మూడు రెట్లు దాటుతుంది. బరువు మాత్రం తేలిపోతుంది. 8 x 4 అడుగుల 1.6 మి.మీ. అల్యూమినియం షీటు సుమారు 13 కిలోలు, అదే కొలతలో 1 మి.మీ. స్టీలు షీటు 23 కిలోల పైమాట. మీరనుకున్న సైజు కారుకు తరుగుతో కలిపి ఆరు షీట్లు తెచ్చుకోండి. మొదటి ఫెండర్ పాడవుతుందనే లెక్కతోనే ఈ మాట.

కొనేటప్పుడు గ్రేడు, టెంపరు రాసిన మిల్ సర్టిఫికెట్ (రేకు తయారుచేసిన మిల్లు ఇచ్చే పత్రం) అడగండి. దామన్‌జోడి దగ్గరే కదా అని అక్కడ రేకు వెతకొద్దు. అక్కడి రిఫైనరీలో తయారయ్యేది అల్యూమినా పొడి, దాన్ని లోహం చేసేది అంగుల్‌లో. గిన్నెల వాళ్లు వాడే రేకు చవకే, కానీ దాని గ్రేడు ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఒకే ఫెండర్‌లో రెండు రకాల రేకు కలిస్తే అతుకు దగ్గర ఒకటి సాగుతుంది, రెండోది సాగదు.

ప్రశ్న: ఫెండర్ రేకును ఇసుక సంచి మీద కొడుతుంటే నడుమ గుంత బాగానే వస్తోంది. అంచు మాత్రం అలలుగా లేస్తోంది. డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) మీద పెట్టి సాపు చేస్తే అలలు ఇంకా పెరిగి, చివరికి అంచు చీలింది. ఎందుకిలా? (గుణుపురం, రాయగడ)

అల లేచిందంటే ఆ చోట రేకు అవసరానికి మించి ఉందని అర్థం. ఇనుప డాలీ మీద ఇనుప సుత్తి దెబ్బ పడితే మధ్యలో నలిగిన రేకు పలచబడి పక్కలకు పరుచుకుంటుంది. ఎక్కువైన చోటే మీరు ఇంకా పెంచుతున్నారు. పలచబడిన రేకు బిగుసుకుపోయి చీలింది.

రేకును పెంచడం ఎంత ముఖ్యమో, కుదించడం అంతకన్నా ముఖ్యం. దీని మీద పట్టు వస్తే మిగతా పనంతా దారిలో పడుతుంది. ఒక లెక్క చూడండి. గుండ్రటి బిళ్ల అంచును కదలనీయకుండా, సాగదీయడం ఒక్కదానితోనే అర్ధగోళం చేస్తే ఉపరితలం రెట్టింపవుతుంది. 1.6 మి.మీ. రేకు సగటున 0.8కి దిగిపోతుంది. తర్వాత ఆకురాయి పెట్టడానికి అక్కడ ఏమీ మిగలదు. అంచును కుదించుకుంటూ వస్తే అదే ఆకారం దాదాపు అసలు మందంతోనే వస్తుంది.

సుత్తి పట్టకముందే ఎక్కడ కుదించాలో, ఎక్కడ సాగదీయాలో తెలుసుకోవచ్చు. మందపాటి కాగితాన్ని చెక్క అచ్చు మీద పరిచి చేత్తో అదమండి. చీర కుచ్చిళ్లలా మడతలు పడిన చోట కుదించాలి. కాగితాన్ని చీలిస్తే తప్ప అచ్చుకు ఆనని చోట సాగదీయాలి. మార్కర్‌తో ఆ గుర్తులను రేకు మీదికి ఎక్కించండి. గీతసూదితో గీయొద్దు, ఆ గీతే రేపు పగులవుతుంది. చుట్టూ 25 మి.మీ. అదనంగా వదిలి కత్తిరించి, అంచుల గరుకు ఆకురాయితో తీసేయండి. చీలికలు చాలావరకు కత్తెర వదిలిన గాట్ల దగ్గరే మొదలవుతాయి.

తర్వాత రేకును మెత్తబరచాలి. అల్యూమినియం ఎర్రబడదు. 660 డిగ్రీల దగ్గర ఏ సూచనా ఇవ్వకుండా కారిపోతుంది. అందుకని ఆక్సిజన్ ఆపి, ఒట్టి ఎసిటిలీన్ మంటతో రేకు మీద పలచగా మసి పట్టించండి. ఆపైన ఆక్సిజన్ కలిపి, టార్చిని ఒక్కచోట నిలపకుండా తిప్పుతూ ఆ మసి మాయమయ్యేదాకా వేడిచేయండి. మసి పోయిందంటే రేకు మెత్తబడింది. అక్కడ ఆగాలి. ఇంకా కాలిస్తే లోపలి రేణువులు పెరిగి, సాగదీసినప్పుడు పైభాగం నారింజ తొక్కలా గరుకు తేలుతుంది.

కుదించడానికి 12 మి.మీ. ఇనుప కడ్డీలు రెండింటిని మధ్యలో కొద్ది సందుతో పక్కపక్కనే వెల్డ్ చేస్తే ఫోర్కు తయారు. అంచును దాని మధ్య పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు మెలితిప్పితే 40, 50 మి.మీ. లోతు కుచ్చు లేస్తుంది. ఆ కుచ్చును చింతమొద్దు మీద పెట్టి చెక్క సుత్తితో రెండు వైపుల నుంచీ కొద్దికొద్దిగా కొట్టి లోపలికి అణచండి. మాంసం దుకాణాల్లో వాడే లాంటి చింతమొద్దు దీనికి దివ్యంగా సరిపోతుంది, పైన గిన్నెంత గుంత తొలిపించుకుంటే చాలు. చెక్క మీద చెక్క దెబ్బే పడాలి. రేకు నలగకుండా తనలోకి తాను కూరుకుని అంచు మందమవుతుంది. కుచ్చు పక్కకు వాలి రెండు పొరలుగా పడిందా, వెంటనే ఆపి విప్పేయండి. దాని మీదే కొడితే పగులు తప్పదు. అంచంతా ఒకసారి తిరిగాక మళ్లీ మెత్తబరచండి. దెబ్బకు మొద్దు శబ్దం పోయి ఖంగుమని మోగుతూ, రేకు వెనక్కి ఎగదన్నుతుంటే వేడి పెట్టే వేళయిందన్నమాట.

అంచు కుదిరాక మాత్రమే నడుమ భాగాన్ని ఇసుక సంచి మీద లోతు చేయండి. సంచిలో ఎండబెట్టి జల్లించిన ఏటి ఇసుక ముప్పాతిక వంతు ఉండాలి. నిండుగా కుక్కితే దెబ్బకు లోతు రాదు. చివర్లో ఇంగ్లిష్ వీల్, అంటే రెండు చక్రాల మధ్య రేకును నొక్కుతూ నడిపే యంత్రం. కింది చక్రాన్ని ఫెండర్ వంపుకన్నా కొంచెం ఎక్కువ వంపున్నది ఎంచుకుని, తేలికపాటి ఒత్తిడితో, ఒక బాట పక్కనే ఇంకో బాట 5 మి.మీ. ఎడంతో నడపండి. ఒత్తిడి పెంచి తొందరపడితే చారలు పడతాయి, అవి తీయడానికి రెట్టింపు సమయం పడుతుంది. వీల్ సాగదీస్తుందే గాని కుదించలేదు. అంచులో మిగిలిన అలను దానితో పోగొట్టాలని చూడొద్దు.

ప్రశ్న: అచ్చుకు ప్లైవుడ్ మంచిదా, కడ్డీలా? ఇటలీలో అచ్చు లేకుండానే కట్టేవారని విన్నాం. (బరంపురం)

మొదటిసారి కట్టేవారికి ప్లైవుడ్డే. 18 మి.మీ. మందం, తేమకు ఉబ్బని బీడబ్ల్యూఆర్ రకం. ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన పలక) వాడితే మీ సముద్రపు గాలికి ఒక్క వానాకాలంలో కొలతలు మారిపోతాయి. అడ్డకోతలు 150 మి.మీ.కి ఒకటి, హెడ్‌లైట్ల దగ్గర, ముక్కు దగ్గర 75 మి.మీ.కి ఒకటి పెట్టండి. కోతలన్నీ రేకు మందమంత, అంటే 1.6 మి.మీ., లోపలికి తగ్గించి కోయాలి. దీన్ని మరిచిపోతే డోరు సందులు కలవవు.

మిలన్‌లోని కారొజ్జెరియా టూరింగ్ సంస్థ 1930ల్లో తెచ్చిన సూపర్‌లెజ్జెరా పద్ధతిలో సన్నని స్టీలు గొట్టాల అల్లిక మీద అల్యూమినియం తొడిగేవారు. బ్రిటన్‌లో 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే120 తొలి కార్లకు యాష్ చెక్క చట్రం మీద అల్యూమినియం బాడీ ఉండేది, 1950 నుంచి ప్రెస్ చేసిన స్టీలు బాడీ వచ్చింది. కంటి కొలతతోనే పని నడిపిన చేతులు ఆ దేశాల్లో ఉండేవి. కానీ కుడి ఫెండర్‌కు జోడీగా ఎడమది సరిగ్గా రావాలంటే మనకు అచ్చు కావాల్సిందే.

ప్రశ్న: టిగ్‌తో (విద్యుత్ వెల్డింగ్ పద్ధతి) అతికిన చోట వీల్ తిప్పితే అతుకు పక్కనే పగులుతోంది. (రాయగడ)

అతుకులో కరిగించి నింపడానికి మీరు 4043 రాడ్ వాడి ఉంటారు. సిలికాన్ ఉన్న ఆ అతుకు చుట్టూ ఉన్న మెత్తటి రేకుకన్నా గట్టిగా ఉండి, సాగదు. 1100 రాడ్ వాడండి, లేదా అదే షీటు నుంచి 3 మి.మీ. పట్టీ కోసి రాడ్‌గా వాడండి. గ్యాస్ వెల్డింగ్ చేతనైతే ఈ పనికి అదే మేలు. అతుకు, దాని చుట్టుపక్కలు మెత్తగా ఉండి సుత్తికీ వీల్‌కీ లొంగుతాయి. అంచులు సందు లేకుండా ఆనించి, 25 మి.మీ.కి ఒక టాకా వేసి, ఎసిటిలీన్ ఒక పిసరు ఎక్కువున్న మంటతో నడపండి. ఫ్లక్స్ (అతుకు దగ్గర పూసే మందు) పొగ ఊపిరితిత్తులకు హానికరం, తలుపులన్నీ తెరిచి పెట్టుకోండి. పని కాగానే వేడినీళ్లతో, బ్రష్‌తో రెండు వైపులా కడగండి. మిగిలిపోయిన ఫ్లక్స్ రేకును తింటూనే ఉంటుంది, రంగు కింద పొక్కులు లేస్తాయి.

ప్రశ్న: అల్యూమినియం బాడీ స్టీలు ఫ్రేమును తాకే చోట తెల్లపొడి రాలుతోంది. (పర్లాకిమిడి)

రెండు లోహాలు, మధ్యలో ఉప్పు తేమ. ఇలా కలిసినప్పుడు అల్యూమినియమే కరిగిపోతుంది. ఫ్రేముకు ఎపాక్సీ ప్రైమర్ వేసి, రేకుకూ ఫ్రేముకూ మధ్య బ్యూటైల్ టేపు పరచండి. స్టీలు రివెట్లు తీసేసి అల్యూమినియం రివెట్లు కొట్టండి. చక్రం దగ్గర ఫెండర్ అంచులో మడిచే కడ్డీ కూడా గాల్వనైజ్డ్‌ది కావాలి. మడతకు కడ్డీ మందానికి రెండున్నర రెట్లు, అంటే 4 మి.మీ. కడ్డీకి 10 మి.మీ. రేకు వదలండి. ఫెండర్ అడుగున 8 మి.మీ. రంధ్రాలు పెడితే నీరు నిలవదు.

ప్రశ్న: ఇలా కట్టిన కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా? (సునాబెడ)

రాదు. 2021 నాటి నిబంధనల ప్రకారం వాహనం 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజిన్‌లో గాని పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అలాంటి వాటికే ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని అనుమతించదు. మద్రాసులో హెరాల్డ్ తయారీ 1971లో ఆగింది గనుక అవన్నీ ఇప్పటికే 50 దాటినవి. బాడీ నిలిచి ఉన్న హెరాల్డ్ మీ చేతిలో ఉంటే దయచేసి దాన్ని కోయకండి. పుచ్చిన పలకలను ఇదే చేతిపనితో, అసలు ఆకారంలోనే చేసి బిగించి, కాగితాలు సిద్ధం చేసుకోండి. కొత్త బాడీ ఆశ తీరాలంటే ఒట్టి ఛాసిస్ మాత్రమే మిగిలిన బండిని వెతకండి, దాన్ని సొంత ఆవరణలోనే నడపండి. ఏదైనా కోసే ముందే కోరాపుట్ ఆర్టీఓ కార్యాలయంలో అడిగి, వాళ్లిచ్చిన జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.