క్వాంటమ్ బ్రాంచిలో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. క్వాంటమ్ కంప్యూటర్ అన్ని జవాబుల్నీ ఒకేసారి ప్రయత్నిస్తుందనీ, అందుకే అంత స్పీడనీ అంటున్నాడు. ఒక ప్రైవేటు కాలేజీలో ఆ పేరుతోనే బీటెక్ బ్రాంచి ఉందట. చేర్పించమంటారా?
- ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: పేరు చూసి మాత్రం చేర్పించకండి సార్. మీ అబ్బాయి చెప్పినదాంట్లో సగమే నిజం. మామూలు బిట్ 0గానో 1గానో ఉంటుంది. క్వాంటమ్ కంప్యూటర్‌లో దాని బదులు వాడే క్యూబిట్ రెండూ కలిసిన స్థితిలో, అంటే సూపర్‌పొజిషన్‌లో ఉండగలదు. 10 క్యూబిట్లలో 1,024 అవకాశాలు ఇముడుతాయి. కానీ కొలిస్తే చేతికొచ్చేది ఒక్కటే, అదీ ఏదొస్తుందో చెప్పలేం. అంతవరకే అయితే బొమ్మా బొరుసుతో సమానం.

వేగం వచ్చేది ఆ తర్వాతి పనితో. ఒక్కో అవకాశానికీ ఒక కాంప్లెక్స్ నంబర్ ఉంటుంది. తప్పు జవాబులవి ప్లస్సూ మైనస్సూ కొట్టేసుకుపోవాలి, సరైనదానివి కలిసి పెరగాలి. దీన్నే ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. 0లో ఉన్న క్యూబిట్‌కి హాడమార్డ్ గేటు (క్యూబిట్ స్థితిని మార్చే ఒక చర్య) వేస్తే 0, 1 సగం సగం అవుతాయి. కొలవకుండా మళ్లీ అదే గేటు వేస్తే 1 తాలూకు భాగాలు రద్దయి, కచ్చితంగా 0 వస్తుంది. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఇలా జరగదు కదా!

ఈ ఉపాయం అన్ని లెక్కలకూ కుదరదు. పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టడానికి 1994లో పీటర్ షోర్ కనిపెట్టిన పద్ధతితో లాభం విపరీతం. 1996 నాటి లవ్ గ్రోవర్ పద్ధతిలో పది లక్షల్లో ఒకదాన్ని వెతకడానికి సుమారు 800 స్టెప్పులు చాలు. గొప్పే, కానీ మంత్రం కాదు.

ఆ కాంప్లెక్స్ నంబర్లు మీవాడి 2ఏ పుస్తకంలోనే ఉన్నాయి. ఆ గేట్లను రాసేది మ్యాట్రిసెస్‌తోనే, అవి 1ఏలో అయిపోయాయి. ఎప్‌సెట్ హడావుడిలో షార్ట్‌కట్లతో బట్టీపట్టి వదిలేసేవి సరిగ్గా ఇవే! ఇప్పుడు వాటి మీద మనసు పెట్టమనండి.

బీటెక్‌కి మంచి కాలేజీలో సీఎస్‌ఈ, ఈసీఈ లేదా ఇంజినీరింగ్ ఫిజిక్స్ చాలు. పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) వస్తే, క్వాంటమ్ ప్రోగ్రాములు రాసే కిస్కిట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనే సర్క్యూట్లు కట్టి చూడొచ్చు. ఈ రంగంలో అసలైన పనికి ఎంటెక్, పీహెచ్‌డీ దాకా ఓపిక కావాలి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఇందుకోసం పరిశోధన కేంద్రం ఉంది. 2023లో కేంద్రం ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్‌కు దాదాపు 6,000 కోట్లు కేటాయించారు.

ఆ ప్రైవేటు కాలేజీకి వెళ్తే బ్రోచర్ పక్కన పెట్టి మూడో సంవత్సరం సిలబస్ చూపించమనండి. క్వాంటమ్ మెకానిక్స్ చెప్పేదెవరు, వాళ్ల పీహెచ్‌డీ దేంట్లో అని అడగండి. నీళ్లు నమిలితే సీటు ఫీజు కట్టకండి.