కాండీడ్ చదివితే నవ్వు రాలేదా? లోపం మీది కాదు

ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ రాసిన కాండీడ్ గొప్ప వ్యంగ్య నవలిక అని అందరూ అంటే చదివాను, ఒక్కచోట కూడా నవ్వు రాలేదు, లోపం నాదా పుస్తకానిదా అని అడిగారు. మీది మాత్రం కాదు. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు నాకూ అంతే, సగానికే విసుగొచ్చింది. తర్వాత మళ్ళీ చదివాను, కొన్ని చోట్ల మనసు మారింది, కొన్ని చోట్ల ఇప్పటికీ మారలేదు.

అసలు ఇబ్బంది ఏంటంటే ఆ వెక్కిరింత తగలాల్సినవాళ్ళు ఇప్పుడు లేరు. దేవుడు సృష్టించగలిగిన లోకాలన్నిట్లో ఇదే మేలైనదని లైబ్నిజ్ అనే జర్మన్ తత్వవేత్త వాదించాడు. కథలో హీరో కాండీడ్ గురువు పాంగ్లాస్ దాన్నే పట్టుకుని, ముక్కులున్నది కళ్ళజోడు పెట్టుకోవడానికే అనేదాకా వెళ్తాడు. పుస్తకం వచ్చింది 1759లో. అంతకు కొన్నేళ్ళ ముందే, 1755 నవంబర్ 1న, పండగ ప్రార్థనల వేళ పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చి వేలమంది పోయారు. ఆ వార్తలు ఇంకా మర్చిపోనివాళ్ళ ముందు నిలబడి ‘అంతా మన మంచికే’ అనే పెద్దమనిషి ఎలా కనిపించి ఉంటాడో ఊహించండి. మనకి ఆ కోపం లేదు కాబట్టి ఒకే జోకు ముప్పై అధ్యాయాలు సాగినట్టు ఉంటుంది.

పాత్రలూ అంతే, తోలుబొమ్మలు. ఉరి తీసిన పాంగ్లాస్ బతికొస్తాడు, కత్తి దిగిన బారన్ (జమీందారు) కొడుకూ బతికొస్తాడు, ఇంక మనకి టెన్షన్ ఎక్కడిది? కావాలనే అలా రాశాడంటారు, నిజమే, కానీ కావాలని రాసినంత మాత్రాన నచ్చాలని లేదు కదా. ఇక కాండీడ్ ప్రేమించిన క్యూనెగాండ్ సంగతి. సైనికులు ఆమెని చెరిచిన విషయాన్ని తేలిగ్గా చెప్పేసి, చివర్లో ఆమె అందం పోవడాన్ని కూడా జోకు చేస్తాడు. అక్కడ నాకు నవ్వు రాదు, రావాలని ప్రయత్నించను కూడా.

మరి మళ్ళీ ఎందుకు చదివానంటే 19వ అధ్యాయం కోసం. దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో దారి పక్కన ఒక బానిస పడి ఉంటాడు, ఒక కాలు లేదు, ఒక చెయ్యి లేదు. చక్కెర మిల్లులో వేలు ఇరుక్కుంటే చెయ్యి నరుకుతారు, పారిపోబోతే కాలు నరుకుతారు, నాకు రెండూ జరిగాయి, మీరు యూరప్‌లో చక్కెర తింటున్నది ఈ ఖరీదుకే అంటాడు. అంతే, ఆ మాటల్లో ఒక్క చమత్కారం లేదు. గురువు మాట ఇంక నమ్మలేనని కాండీడ్ తేల్చి చెప్పేదీ అక్కడే. నన్నడిగితే వోల్టేర్ నవ్వించడం ఆపిన చోటే పుస్తకం లేచి నిలబడింది.

కాబట్టి దీన్ని నవలలా మొదటినుంచి చివరిదాకా లాగించకండి. లిస్బన్ భూకంపం, ఇంకో భూకంపం రాకుండా మనుషుల్ని తగలబెట్టాలని పండితులు తీర్మానించడం (5, 6 అధ్యాయాలు), సురినామ్, ఇంగ్లండ్ తీరంలో సొంత నౌకాదళ అడ్మిరల్‌నే కాల్చి చంపే 23వ అధ్యాయం చూడండి. ఆ అడ్మిరల్ కల్పన కాదు, బింగ్ అనే ఆయన్ని 1757లో నిజంగానే అలా చంపారు. మిగతావారికి ఉత్సాహం రావడానికి ఇక్కడ అప్పుడప్పుడూ ఒక అడ్మిరల్‌ని చంపుతుంటారని చెప్పే ఆ ఒక్క వాక్యం ఇప్పటికీ పదునుగానే ఉంది.

అవి చదివాక కూడా ఏమీ అనిపించకపోతే పక్కన పెట్టేసి, అదే రచయిత 1752లో ప్రచురించిన మైక్రోమెగాస్ పట్టుకోండి. సిరియస్ నక్షత్రం నుంచి ఒక మహాకాయుడు భూమికొచ్చి, కంటికి ఆనని మన తత్వవేత్తలతో మాట్లాడే కథ. చాలా చిన్నది, నాకైతే అందులోనే ఎక్కువ నవ్వొచ్చింది.